బాపు తిప్పే క్యాలెండర్

బాపును దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్న తరువాత మా ఇంట్లో ప్రతి పొద్దు ఒకే ప్రశ్నతో మొదలయ్యేది.

"ఇయ్యాల ఏం వారం బిడ్డా?"

చెప్పేదాన్ని. నేను స్నానం చేసి వచ్చేలోగా అవ్వను అడిగేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, చెప్పేది. చాయ తాగుతూ ఇంకోసారి అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ ఆయన ముఖంలో కొంచెం సిగ్గు కనిపించేది. అది చూడలేక, ఆయన నోరు తెరవకముందే నేనే చెప్పడం అలవాటు చేసుకున్నాను.

పక్షవాతం ఆయన కుడి చేతిని పడగొట్టింది, మాటను నెమ్మది చేసింది. మనుషులు గుర్తున్నారు. చుట్టరికాలు గుర్తున్నాయి. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగి అన్నం తినకుండా వెళ్లారో కూడా చెప్పగలడు. రోజుల మీద పట్టు ఒక్కటే పోయింది. ఆలోచిస్తే అందులో వింత లేదు. ఆయన బతుకంతా బొగ్గుబాయిలో బొగ్గు నింపిన టబ్బు బండ్లను ఇనుపతాడుతో లాగే మిషను నడిపాడు. ఆయనకు వారం అంటే షిఫ్టు. ఈ వారం పొద్దటి షిఫ్టు, వచ్చే వారం రాత్రి షిఫ్టు, ఆదివారం మటన్ దుకాణం ముందు లైను. డ్యూటీ పోగానే ఆ గుర్తులన్నీ ఒక్కసారిగా పోయాయి. సెంటినరీ కాలనీ క్వార్టర్లో మంచం, కిటికీ, వేపచెట్టు మిగిలాయి. మంగళవారమైనా శుక్రవారమైనా వేపచెట్టు ఒకే తీరుగా ఉంటుంది.

గోడకు కిరాణా దుకాణం వాళ్లిచ్చిన కాగితపు క్యాలెండర్ ఉండేది. బాపు దాని ముందు నిలబడి చాలాసేపు చూసేవాడు. "గిందుల ఇయ్యాల యాడున్నది?" అని అడిగేవాడు. నిజమే. అన్ని గళ్లూ ఒకేలా ఉంటాయి. ఇవాళ ఏదో ముందే తెలిసినవాడికే అది ఉపయోగం.

ఆయన ఇక బాయిలో దిగలేడని డాక్టర్లు తేల్చాక, ఆయన బదులు నాకు కంపెనీలో ఉద్యోగం ఇచ్చారు. అప్పటిదాకా నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నన్ను వర్క్‌షాపులో వేశారు. మొదటి రోజు బూట్లు కాళ్లకు పెద్దవయ్యాయి, హెల్మెట్ కళ్ల మీదికి జారింది. ఇంటికొచ్చి ఆ బూట్లు బాపు కంటపడకుండా మంచం కింద దాచాను. ఆయన చెయ్యి పడిపోతే నాకు చేతిపని దొరికింది. సంతోషపడాలా వద్దా తెలియలేదు. మొదటి జీతం రోజు అవ్వ పాయసం చేస్తానంటే నేనే వద్దన్నాను.

వర్క్‌షాపులో నాకు పని నేర్పింది ఒక ముసలి ఫిట్టర్. గోలేటి వైపు మనిషి. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని భార్యతో చర్చికి వెళ్లేవాడు, మిగిలిన ఆరు రోజులూ గ్రీజులో ఉండేవాడు. అందరూ కాక అనేవాళ్లు, నేనూ కాక అనే పిలిచాను. ఇనుమును అరగదీసే ఆకురాయి పట్టుకోవడం నేర్పుతూ, "బలం పెట్టకు బిడ్డా. నువ్వు తోసుడు కాదు, అదే పోవాలె" అనేవాడు. నా అరచేతులు బొబ్బలెక్కినప్పుడు ఇంటి నుంచి కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చాడు. ఆ చిన్న సీసాకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బాపును వారానికి రెండుసార్లు గోదావరిఖనిలో దవాఖానకు తీసుకెళ్లేదాన్ని. అక్కడ చేతికి వ్యాయామం చేయించే మేడం ఒకామె ఉండేది. నాకంటే చిన్నది, బాగా ఓపిక. బాపుకు రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. ఆయన రెండు రోజులు పిసికి కిటికీలో పెట్టేశాడు.

"బంతి పిసకమంటే ఎవరికైనా విసుగే," అంది ఆమె, నన్ను పక్కకు పిలిచి. "రోజూ చేయక తప్పని పని ఏదైనా ఆ చేతికి అప్పజెప్పండి. తిప్పే పని అయితే ఇంకా మంచిది."

ఆటోలో తిరిగి వస్తుంటే బాపు అడిగాడు, "ఇయ్యాల ఏం వారం?" అని. అప్పుడు తట్టింది. రోజుకొకసారి పిడి తిప్పితే వారం, తేదీ, నెల చూపించే పెట్టె ఒకటి ఉంటే? చేతికి పని, మనిషికి రోజు.

మొదటిది అట్టతో చేశాను. చెప్పుల డబ్బా కత్తిరించి మూడు చక్రాలు, ముందు అట్టలో మూడు కిటికీలు. వారం చక్రం, తేదీ చక్రం, నెల చక్రం. మూడింటినీ విడివిడిగా తిప్పాలి. బాపుకు నచ్చింది. కొన్నాళ్లు పొద్దున్నే ఆయనే తిప్పుకుని, ఆయనే చదువుకుని, మాకు చెప్పేవాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

జూన్ నెల అయిపోయిన మరునాడు, నేను డ్యూటీకి బయలుదేరుతుంటే పిలిచాడు.

"జూన్ల ముప్పై ఒకటి ఉంటదా బిడ్డా?"

కిటికీలో అదే ఉంది. నేను నవ్వి, చేత్తో ఒకటికి మార్చి, నెల తిప్పాను. ఆయన నవ్వలేదు.

"గిది సుత నా తీరుగనే తప్పుతున్నది," అన్నాడు.

ఆ రోజంతా ఆ మాట చెవిలోనే ఉంది. తప్పని క్యాలెండర్ చేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ముప్పై రోజుల నెల, ముప్పై ఒక్క రోజుల నెల, ఫిబ్రవరి, లీపు సంవత్సరం అన్నీ దానికే తెలియాలి. ఏటేటా కొత్తది అక్కరలేకుండా ఏ ఏడాదికైనా అదే పనిచేయాలి. బాపు చేయాల్సింది పిడి ఒక చుట్టు తిప్పడం మాత్రమే.

అనుకోవడం తేలిక. చక్రాలకు నెలల పొడుగు ఎలా నేర్పాలో నాకు అంతుపట్టలేదు. బడిలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి కాగితం మీద పట్టికలు రాసుకున్నాను. పట్టికను చదివే కన్ను చక్రానికి లేదు కదా.

దారి బాపు చేతిలోనే దొరికింది. సాయంత్రాలు ఆయన కుడి చేతికి నూనె రాసి, ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పేదాన్ని. ఒకరోజు ఆ పిడికిలిని నా ఒళ్లో పెట్టుకుని ఉన్నప్పుడు, చిన్నప్పుడు ఆయనే నేర్పిన లెక్క చేయడం మొదలుపెట్టాను. కణుపు మీద జనవరి, గుంటలో ఫిబ్రవరి, కణుపు మీద మార్చి. ఎత్తు మీద పడితే ముప్పై ఒకటి, గుంటలో పడితే తక్కువ. జులై, ఆగస్టు దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. వేలు చదవడం లేదు, తడుముతోంది. చక్రం అంచున ఎత్తులు, గుంటలు పెడితే, ఒక మీట దాన్ని తడమగలదు.

"ఏమైంది?" అన్నాడు బాపు.

"ఏం లేదు బాపు. నీ పిడికిలి ఇంకొద్దిసేపు గట్లనే ఉంచు," అన్నాను. ఆయన ఉంచాడు. ఆ పిడికిలిని విప్పాలని నెలల తరబడి పోరాడినదాన్ని, ఆ సాయంత్రం మాత్రం విప్పవద్దన్నాను.

మరునాడు చాయ టైంలో కాకకు చెప్పాను. నెల చక్రం వెనక ఒక రేకు పళ్లెం ఉంటుంది. దాని అంచు ముప్పై ఒక్క రోజుల నెలలకు ఎత్తుగా ఉంటుంది, ముప్పై రోజుల నెలలకు చిన్న గాడి, ఫిబ్రవరికి లోతైన గాడి. ఒక మీట ముక్కు ఆ అంచును తడుముతూ ఉంటుంది. ఎత్తు మీద ఉంటే నెలాఖరులో ఊరుకుంటుంది. గాడిలో పడితే, ఎంత లోతుకు దిగిందో అన్ని తేదీలను ఒక్కసారిగా తోసేసి, తేదీ చక్రాన్ని ఒకటి మీద నిలబెడుతుంది.

కాక చాయ గ్లాసు పక్కన పెట్టి, నా కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"మంచిగున్నది. మరి లీపు సంవత్సరం?"

"అదే తెలుస్తలేదు కాక. నాలుగేళ్ల నెలలన్నీ పళ్లెం మీద పెడితే గాడులు సన్నగైపోతున్నయి."

కాక చాయ తాగి, కాగితం నాకు తిరిగిచ్చాడు. సాయంత్రం ఇంటికి వెళ్తూ నా బల్ల దగ్గర ఆగాడు.

"ఫిబ్రవరి గాడిల ఒకడు పండుకున్నడనుకో. ఏడాదికోసారి పక్క మార్సుతడు. మూడేండ్లు ఎట్ల పండుకున్నా ఒక్క తీరే. నాలుగో ఏడు బోర్ల పండుకుంటడు, వీపు కొంచెం లేస్తది. గాడి గంత లోతు తగ్గుతది. అయిపాయె."

నాలుగు పక్కల చిన్న ముక్క. ఏడాదికి ఒక పక్క తిరగాలి, ఒక పక్క మాత్రం కొంచెం ఎత్తు. ఆయనకు ఎలా తోచిందని అడిగితే, బెల్లంపల్లిలో వాళ్ల మామ గడియారాలు బాగుచేసేవాడని, చిన్నప్పుడు ఆ దుకాణంలో కూర్చునేవాడినని చెప్పాడు. "గప్పుడు సూసింది ఏదో నెత్తిల ఉండిపోయినట్టున్నది," అన్నాడు.

పని చేయడానికి వర్క్‌షాపు ఇంజనీరు సారు అనుమతి కావాలి. భయపడుతూ వెళ్లాను. ఆయన ఎందుకని అడిగాడు, చెప్పాను. తుక్కులో రేకు, ప్లైవుడ్డు ముక్కలు తీసుకొమ్మన్నాడు, డ్యూటీ అయ్యాక ఒక గంట బల్ల వాడుకోవచ్చన్నాడు. అంతటితో ఆగలేదు. మరునాడు చక్రాల పళ్లను తానే కంప్యూటర్‌లో గీసి, అసలు కొలతలో కాగితం మీద తీసి తెచ్చాడు. "అతికించి దాని వెంబడే కోసెయ్యమ్మా" అన్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఒక్కటి మరిచావు. రెండువేల వంద లీపు సంవత్సరం కాదు" అన్నాడు.

కాక నవ్వాడు. "గప్పటిదాకా ఉండేది ఎవరు సార్?"

"ఏ ఏడాదికైనా అని ఆమే అంది. అన్నాక ఉండాలి కదా," అన్నాడు సారు. ముగ్గురం కూర్చుని, ఆ నాలుగు పక్కల ముక్కను పక్కకు జరిపేందుకు ఒక చిన్న చీల పెట్టాము. ఆ చీలకు ఎర్రరంగు వేశాను. అప్పటివాళ్లు ఎవరో దాన్ని లాగాలి.

పూర్తి కావడానికి ఒక ఎండాకాలం పట్టింది. మొదటి స్ప్రింగు మెత్తనై మీట గాడిలోకి దిగలేదు. రెండోది గట్టిదై పళ్లు విరిచింది. కాక ఒక పాత తాళంలోంచి తీసిన స్ప్రింగు సరిపోయింది. చక్రం వెనక్కి తిరగకుండా ఒక కొక్కెం పెట్టాను. పిడిని కావాలనే కుడి పక్కన పెట్టాను.

గోడకు బిగించిన రోజు అవ్వ చేతులు నడుముకు పెట్టుకుని చూసింది.

"పున్నం ఎప్పుడో చెప్తదా?"

"చెప్పదవ్వా."

"అమాస?"

"చెప్పదు."

"మరి గింత కష్టం దేనికి పడ్డవే?" అంది. కిరాణా దుకాణం క్యాలెండర్‌ను తీయనివ్వలేదు. రెండూ పక్కపక్కనే వేలాడాయి.

బాపు పిడి తిప్పాడు. లోపల టక్కుమంది, వారం మారింది, తేదీ మారింది. ఆయన తల ఊపాడు. ఆ తరువాత వారం ఏమిటని ఎవరినీ అడగలేదు. జూన్ ముప్పై తరువాత జులై ఒకటి వచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మాత్రం మామూలుగా చాయ అడిగాడు.

కానీ ఒక చిక్కు వచ్చింది. ఆయన ఎడమ చేతిని అడ్డంగా చాపి, ఆ పిడిని ఎడమ చేత్తోనే తిప్పేవాడు. "కుడిచెయ్యి బాపు" అని నేను ఎన్నిసార్లు అన్నా, "తిరిగింది గద" అనేవాడు. ఇంకో పేచీ కూడా పెట్టాడు.

"ఫిబ్రవరిల ఇరవై తొమ్మిది వస్తదని నీకెట్ల తెలుసు?"

"వర్క్‌షాపుల తిప్పి చూసినం."

"మీరు చూసిండ్రు. నేను చూడలే." ఆయన బాయిలో తాడును ఉత్తగా ఒకసారి నడిపి చూడకుండా టబ్బులు కట్టనిచ్చేవాడు కాదు. ఇంకొకరు చూశామంటే ఒప్పుకునే మనిషి కాదు.

వానాకాలంలో నన్ను పది రోజులు గోలేటికి పంపారు, అక్కడ ఒక పంపు మరమ్మతుకు. రోజూ ఫోన్ చేసేదాన్ని. అవ్వ అంతా మంచిదే అనేది, గొంతులో ఏదో దాస్తున్నట్టు ఉండేది. బాపు ఆరోగ్యమేమోనని ఫికరు పట్టుకుంది. పని అయిపోగానే బస్సెక్కి, మంచిర్యాలలో మారి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. వాన పడుతోంది. చెప్పులు విప్పి లోపలికి వచ్చి గోడ వైపు చూశాను.

మంగళవారం. ఇరవై తొమ్మిది. ఫిబ్రవరి.

"నన్నేం అడగకు," అంది అవ్వ. "నీ మిషిన్ పాడు చేసిండు. నువ్వు పోయిన దినం నుంచి అదే పని. తినుడు, తిప్పుడు. టకటక టకటక, నా చెవులు పోయినయి. వెనుకకు తిరగదు అంటే వింటలేడు. ఇయ్యాల పొద్దున ఆపిండు."

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు, తప్పు చేసిన ముఖం కాదు. రెండున్నరేళ్లు ముందుకు వెళ్లి వచ్చిన మనిషిలా తృప్తిగా ఉన్నాడు.

"వచ్చింది," అన్నాడు. "ముందుగాల రెండు ఫిబ్రవరీలు ఇరవై ఎనిమిదికే పోయినయి. గీ యేడుది ఆగింది. కరెక్టున్నది బిడ్డా."

నేను నవ్వాలా కోప్పడాలా అనుకుంటూ నిలబడ్డాను. అప్పుడు అవ్వ, తనకు అంత ముఖ్యం కానట్టు, ఇంకో మాట అంది.

"మొదటి దినం ఎడమ చేత్తోనే తిప్పిండు. రెండో దినానికి ఆ జబ్బ గుంజుతున్నదని కుడి చెయ్యి పెట్టిండు. గిట్ల, నాలుగు వేళ్లతోటి పట్టి."

"కుడి చెయ్యా?"

"మరి ఇంకేం చెయ్యి ఉన్నది?"

నేను గోడ దగ్గరికి వెళ్లి, "బాపు, ఒక్కసారి తిప్పు" అన్నాను. ఆయన లేచి వచ్చాడు. కుడి చేతిని ఎత్తాడు. చెయ్యి వణికింది, మోచెయ్యి పక్కకు పోయింది, వేళ్లు పిడి మీద సరిగ్గా కుదరడానికి కొంతసేపు పట్టింది. తిప్పాడు. బుధవారం, ఒకటి, మార్చి.

నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. అవ్వ కంగారుపడి, "గంత చెడిపోయిందా? బాగు కాదా?" అని అడిగింది.

వచ్చిన ఆదివారం పెట్టె వెనక రేకు విప్పి, కొక్కెం ఎత్తి పట్టుకుని, చక్రాలను ఇవాళ్టికి తెచ్చాము. బాపు పక్కన కుర్చీ వేసుకుని స్క్రూలు గిన్నెలో పట్టుకున్నాడు. కొక్కేన్ని ఎప్పుడైనా ఎత్తేలా బయటికి ఒక పుల్ల పెడదామా అన్నాను. "వద్దు. ఉంటే మళ్ల తిప్పుత," అన్నాడు. తన సంగతి తనకు తెలిసిన మనిషి.

ఆ వారం దవాఖానలో మేడం ఆయన చేతిని అటూ ఇటూ వంచి చూసి, ఏం చేశారని అడిగింది. చెప్పాము. ఆమె చాలాసేపు నవ్వింది, తరువాత కాగితం మీద ఏదో రాసుకుంది, మళ్లీ నవ్వింది. చెయ్యి పూర్తిగా రాదని మాత్రం నిజం చెప్పింది. గ్లాసు పట్టుకోవచ్చు, తలుపు గడియ తీయవచ్చు, చొక్కా గుండీలు కష్టమే. నిజం చెప్పినందుకు, నవ్వినందుకు, రెండింటికీ ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాము. నా మనసు తేలికగా ఉంది. అందుకేనేమో, ఇన్నాళ్లూ గొంతులోనే ఉన్న మాట బయటికి వచ్చింది.

"బాపు, నీ ఉద్యోగం నేను చేస్తున్న. ఒక్కోసారి మంచిగనిపియ్యదు."

ఆయన నా వైపు విచిత్రంగా చూశాడు. మాట కూడదీసుకోవడానికి ఆయనకు సమయం పడుతుంది. నేను ఆగాను.

"నా నౌకరి బాయిల," అన్నాడు. "తాడు గుంజుడు. నీది వర్క్‌షాపుల. నేను ఎన్నడన్న క్యాలెండర్ చేసిన్నా? నాది నాతోనే అయిపాయె. గిది నీది." నా కాళ్ల వైపు చూసి, "బూట్లు మంచం కింద దేనికి పెడుతవ్? ఎలుకలు కొరుకుతయి. తలుపు కాడ పెట్టు," అన్నాడు.

ఆటో వచ్చింది కానీ ఆయన ఎక్కలేదు. రోడ్డుకు అటువైపు బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. డాక్టరు నూనె వద్దన్నాడని గుర్తుచేశాను. ఒక్కటే అన్నాడు. రెండు తీసుకున్నాము. ఆయన కాగితాన్ని కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చేత్తో తిన్నాడు. కారానికి కళ్లు తుడుచుకుంటూ, "మీ అవ్వకు చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు.